వీపు మీది చట్రం

జ్యోతిరాణి ముందు నమూనా పెట్టాలంటే బోధన్ రోడ్డులోని ఆ ప్రైవేటు డిజైన్ కాలేజీ పిల్లలు నువ్వంటే నువ్వని ఒకరినొకరు ముందుకు తోసుకునేవారు. ఆమె దాన్ని ఎత్తి నాలుగు వైపులా తిప్పి చూసేది. తర్వాత రెండు చేతులతో పట్టుకుని వంచేది. అట్టముక్కలతో చేసినవి చాలావరకు అక్కడే విరిగిపోయేవి. విరిగిన చోట వేలు పెట్టి, "గిక్కడ ఎందుకు ఇరిగింది? చెప్పు" అనేది. చెప్పలేకపోతే ముక్కలు వాళ్ల ఒళ్లోనే పోసి, "పో. తెలిసినంక రా" అనేది. చెప్పగలిగినా మెచ్చుకునేది కాదు. తర్వాతి వాళ్లను పిలిచేది.

చివరి సంవత్సరం పిల్లలు చేసే పెద్ద ప్రాజెక్టుకు మార్గదర్శి ఆమే. కాలేజీ పెట్టిన నాటి నుంచి ఆ పని ఆమెదే. ఆమె చేతి కింద నలిగినవాళ్లకు హైదరాబాదులోనూ పుణెలోనూ ఉద్యోగాలు వచ్చేవి. అందుకని పిల్లలు ఆమెను తిట్టుకుంటూనే ఆమె దగ్గరికి వచ్చేవారు. యాజమాన్యం కూడా ఆమె పేరు చెప్పుకునే అడ్మిషన్లు నింపుకునేది. జీతం దగ్గర మాత్రం ఆమె పేరు ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆమె పుట్టింది నిజామాబాదులోనే, బీడీలు చుట్టే ఇంట్లో. తల్లి శంకరమ్మ చేటలో ఆకు, తంబాకు పెట్టుకుని పొద్దంతా చుట్టేది. సాయంత్రం కార్ఖానాకు తీసుకెళ్తే అక్కడి మనిషి కట్టలు చూసి, నచ్చనివాటిని తుంచి కింద పారేసేవాడు. ఎందుకు పారేశాడో ఒక్కనాడూ చెప్పేవాడు కాదు. తల్లి కొంగు పట్టుకుని నిలబడిన జ్యోతిరాణికి బీడీలు పోయినందుకంటే ఆ చెప్పకపోవడం మీదే కోపం వచ్చేది. స్కాలర్‌షిప్పు మీద హైదరాబాదు వెళ్లి డిజైన్ చదివి, కొన్నేళ్లు ఒక ఫర్నిచర్ కంపెనీలో పనిచేసి, తల్లికి చూపు మందగించాక తిరిగి ఊరికి వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. తాను కూడా విరిచేస్తానని ఆమెకు తెలుసు. అయితే కారణం చెప్పి మరీ విరుస్తున్నాను కదా, అది చాలా తేడా అని ఆమె నమ్మకం. ఆ తేడా పిల్లలకు తెలిసేదో లేదో ఆమె ఎప్పుడూ అడగలేదు.

దీక్షిత రెంజల్ దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి. ఆమె తండ్రి హన్మండ్లు చెరుకు సీజనులో లోడింగు పని చేస్తాడు. నరికి కట్టిన మోపును నెత్తిన పెట్టుకుని, లారీకి వాలుగా వేసిన పొడవాటి చెక్క మీద నడిచి ఎక్కి, పైన వేసి దిగడం ఆ పని. సీజను అయిపోయేసరికి ఆయన మెడ పక్కకు తిరిగేది కాదు. కూతురు పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేవాడు.

ప్రాజెక్టుకు దీక్షిత మొదట చేసింది తలమీద పెట్టుకునే మెత్త. లోపల కొబ్బరి పీచు, పైన గోనెబట్ట, మెడ మీద బరువు సమంగా పడేట్టు వెనక్కి కొంచెం సాగిన అంచు. పదిమందితో వాడించి చూసింది. బాగుందన్నారు.

జ్యోతిరాణి దాన్ని వంచి చూసింది. విరగలేదు. బల్ల మీద పడేసింది.

"గిది దిండు" అంది. "మీ అవ్వ గూడ కుడుతది. దీనికి నాలుగేండ్లు సదువుడు ఎందుకు?"

"మెడ నొప్పి తగ్గుతున్నదంటున్నరు మేడం."

"తగ్గుడు గాదు, మెడ మీద బరువే ఉండొద్దు. నెత్తి మీదికెళ్లి వీపు మీదికి తే. బరువు నడుము మీద, తుంటి మీద పడాలె. చట్రం చెయ్యి. పైకి పోయినంక తాడు గుంజితే మోపు దానంతట అదే లారీల పడాలె. చేతనైతదా, దిండే చూపిస్తవా?"

క్లాసులో ఎవరో నవ్వారు. దీక్షిత తలమెత్తను సంచిలో పెట్టుకుంది.

చట్రం చేయడానికి ఆ చలికాలమంతా పట్టింది. సన్నటి ఇనుప పైపులను బోధన్‌లోని ఒక వెల్డింగ్ షాపులో వంచి అతికించారు. ఛాతీ మీదుగా ఒకటి, నడుము చుట్టూ ఒకటి, లారీల మీద సరుకు బిగించే బెల్టుల పట్టీలు కుట్టారు. మోపును పట్టి ఉంచే కొక్కేనికి ఒక తాడు. జ్యోతిరాణి ఒక్కో దశలో తప్పు పట్టింది. పైపు మందం ఎక్కువంది. పట్టీ భుజాన్ని కోస్తుందంది. ఒకసారి వెల్డింగు సరిగ్గా లేదని చట్రాన్ని మెట్ల మీద నుంచి కిందికి దొర్లించింది. దీక్షిత దాన్ని ఎత్తుకుని, విరిగిన చోటు చూసి, మళ్లీ బోధన్ బస్సు ఎక్కింది. ఏడ్వడం మానేసింది. మధ్యాహ్నం తినడం కూడా మానేసిందని తోటి పిల్లలు చెబితే, "ప్రాజెక్టు అయినంక తింటది" అంది జ్యోతిరాణి.

ఆ అమ్మాయి అంటే ఆమెకు ఇష్టం. అన్నేళ్లలో తనకు దొరికిన మంచి విద్యార్థి ఈమే అనుకుంది. ఆ మాట శంకరమ్మతో అంది గాని దీక్షితతో అనలేదు.

ఫిబ్రవరిలో, లోడింగు జోరుగా సాగుతున్నప్పుడు, పరీక్షకు పొలానికి వెళ్లారు. కందకుర్తి పోయే దారిలో ఒక రైతు చెరుకు తోట. నరికేవాళ్లు మహారాష్ట్ర నుంచి వచ్చిన గుంపు. హన్మండ్లు ఆ రోజు కొత్త బనియన్ వేసుకుని వచ్చాడు, వీడియో తీస్తారని కూతురు చెప్పింది కనుక. చట్రం తగిలించుకుని పట్టీలు బిగించుకున్నాడు. మోపు పెట్టించుకుని నేల మీద అటూ ఇటూ నడిచాడు. తల పైకెత్తి ఆకాశం వైపు చూశాడు.

"బిడ్డా, మెడ మీద ఏం లేదే!" అన్నాడు. "గాలి తగుల్తుంది."

గుంపులోని ఆడవాళ్లు కొడవళ్లు పక్కన పెట్టి నవ్వుతూ చూశారు. జ్యోతిరాణి ఫోను పట్టుకుని వీడియో తీస్తోంది. ఆమె ముఖంలో కూడా ఏదో వెలిగింది. దీక్షిత అది చూసింది.

తాడు లాగితే మొదటిసారి కొక్కెం తెరుచుకుంది. రెండోసారి ఇరుక్కుంది. గట్టిగా లాగితే వచ్చింది.

"చెరుకు రసం అంటుకుని పట్టేస్తున్నది మేడం" అంది దీక్షిత. "ఇయ్యాల నేల మీద చాలు. కొక్కెం మార్చినంక చెక్క మీద చేద్దాం."

"నేల మీద నడిచే బొమ్మ జ్యూరీకి ఎందుకు? మార్కులేసేటోళ్లు హైదరాబాదు నుంచి వస్తరు. లారీ ఎక్కిందా లేదా, గదే అడుగుతరు. నాలుగు దినాలైతే ఈ తోట అయిపోతది. తుడిచి పెట్టు."

"భయమైతుంది మేడం."

"నువ్వు చేసిన దాని మీద నీకే నమ్మకం లేకుంటే ఎవనికి ఉంటది?"

హన్మండ్లు వాళ్లిద్దరినీ చూశాడు. "ఏం గాదు తియ్యిండ్రి. ముప్పై ఏండ్ల సంది ఎక్కుతున్న చెక్కనే గద" అన్నాడు. తానే వెళ్లి చెక్క మీద కాలు పెట్టాడు.

సగం దాకా బాగానే ఎక్కాడు. అక్కడ చెక్క మీద చెరుకు ఆకు ఒకటి పడి ఉంది. కాలు జారింది. మామూలుగా అయితే ఆ పనిలో జారడం పెద్ద విషయం కాదు. నెత్తి మీది మోపును ఒకవైపు తోసేసి మనిషి ఇంకోవైపు దూకుతాడు. చుట్టూ ఉన్న కూలీలు అలవాటుగా అదే అరిచారు. "సోడ్! సోడ్!" అని, వదిలెయ్ అని మరాఠీలో. వదలడానికి మోపు ఆయన చేతుల్లో లేదు. ఛాతీకి, నడుముకు బిగించి ఉంది. ఆయన రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి. లాగుతూనే ఉన్నాడు. కొక్కెం తెరుచుకోలేదు. మోపుతో సహా వెల్లకిలా పడ్డాడు. చట్రం ముందుగా నేలను తాకింది, దాని మీద ఆయన నడుము పడింది.

దీక్షిత "బాపూ" అని పరిగెత్తింది. జ్యోతిరాణి చేతిలో ఫోను ఇంకా తిరుగుతూనే ఉంది. అది ఆపాలని ఆమెకు తట్టలేదు. ఆ క్షణంలో ఆమెకు అర్థమైంది ఒకటే. పాడైంది కొక్కెం కాదు, ఆలోచనే తప్పు. జారితే వదిలెయ్యగల బరువును తీసుకుని మనిషికి కట్టేసింది. అన్ని వారాల పాటు చట్రాన్ని వంచింది, దొర్లించింది, ప్రతి అతుకులో తప్పు వెతికింది. ఈ ఒక్కటి అడగలేదు.

నిజామాబాదు ఖలీల్‌వాడిలోని ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. వెన్నుపూస చితికిందని, నడుము కింద స్పర్శ రావడం కష్టమని చెప్పారు. హన్మండ్లు భార్య తిరుపతమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. జ్యోతిరాణి పక్కన వచ్చి నిలబడితే తల ఎత్తి చూసింది.

"నీ దగ్గర సదువు నేర్సుకుంటదనుకుంటిమి" అంది.

కాలేజీ ప్రిన్సిపాల్ రాజారాం మరుసటి రోజే జ్యోతిరాణిని పిలిచాడు. తలుపు వేయమన్నాడు.

"పొలానికి పోతున్నట్టు నాకు చెప్పినవా?"

"ప్రతి ఏడు పోతనే ఉన్నం గద సార్."

"ప్రతి ఏడు ఎవల నడుములు ఇరగలే. ఇను మేడం. ఆ చట్రం సంగతి జ్యూరీ ముందు రావొద్దు. ముందు చేసిన మెత్త ఉన్నది గద, అదే ఆ పిల్ల ప్రాజెక్టు. పొలంల జరిగింది వాళ్లింటి పని. కాలేజీకి సంబంధం లేదు."

జ్యోతిరాణి బయటికి వచ్చి, నేరుగా ఆసుపత్రికి వెళ్లింది. దీక్షిత తండ్రి పాదాలు రుద్దుతూ కూర్చుని ఉంది. ఆయన నిద్రపోతున్నాడు.

"ప్రాజెక్టు ఇడిసిపెడ్త మేడం" అంది దీక్షిత.

"ఇడిసిపెట్టకు. దిండు చూపియ్యమంటున్నరు. అది గూడ చూపియ్యకు. చట్రం ఎట్ల తప్పిందో నిలబడి చెప్పు. గది చెప్పకుంటే ఇంకొకడు ఇట్లాంటిదే చేస్తడు, ఇంకొకని వీపుకు కడ్తడు."

"నాతోని గాదు."

"అయితది. ఏడ్వకుంట చెప్పాలె. ఏడిస్తే జాలి పడ్తరు, ఇనరు."

దీక్షిత ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. అప్పుడు ఆ అమ్మాయి ఏమనుకుందో జ్యోతిరాణికి తెలియలేదు. జ్యూరీ నాడు తెలిసింది.

ఏప్రిల్ ఎండలో, కాలేజీ పై అంతస్తు హాలులో జ్యూరీ కూర్చుంది. ముగ్గురు. అంతకుముందు రెండు వారాలు జ్యోతిరాణి దీక్షితతో రోజూ మాట్లాడించింది. గొంతు తడబడిన చోట ఆపి మళ్లీ మొదటి నుంచి చెప్పించింది. "బాపు" అన్నప్పుడల్లా "వాడేవాడు అను" అని దిద్దింది. దీక్షిత దిద్దుకుంది.

ఆ రోజు దీక్షిత ఒక్క చుక్క కన్నీరు లేకుండా చెప్పింది. బరువు ఎక్కడ పడింది, జారినప్పుడు ఏం కావాలి, ఏమైంది. రాజారాం మొదటి మాటకే కుర్చీలో ముందుకు జరిగాడు గాని, బయటివాళ్ల ముందు ఆపలేకపోయాడు. చెప్పడం అయ్యాక జ్యూరీలో నడుమ కూర్చున్న ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"పడిన వీడియో ఉందా?" అని అడిగాడు.

ఉంది. వేశారు. తెర మీద హన్మండ్లు కొత్త బనియన్‌తో చెక్క ఎక్కాడు, జారాడు, పడ్డాడు. హాలులో దీక్షిత అరుపు వినబడింది.

"కొంచెం వెనక్కి తీయండి. ఆ కొక్కెం దగ్గర ఆపండి" అన్నాడాయన. ఆపారు. పక్కనున్నావిడ వంగి చూసి, లోహం కాకుండా ప్లాస్టిక్ పెట్టి ఉంటే ఎలా ఉండేదో అంది. ఇద్దరూ కాసేపు దాని గురించి మాట్లాడుకున్నారు. ఇంకొకసారి వేయమన్నారు. దీక్షిత తెర పక్కనే, చేతిలో కర్రతో, కదలకుండా నిలబడింది. తండ్రి తెర మీద మళ్లీ పడుతున్నప్పుడు కళ్లు మాత్రం మూసుకుంది.

"ఇరుక్కుంటుందని ముందే తెలిసి కూడా ఎందుకు ఎక్కించారు? మీ మెంటర్ ఏం చెప్పారు?" అని అడిగాడాయన.

దీక్షిత కళ్లు తెరిచింది. "నేను వద్దన్న సార్. మేడమే ఎక్కియ్యమన్నది" అంది. గొంతు తడబడలేదు. నేర్పించినట్టే చెప్పింది.

అందరూ వెనక బెంచీ వైపు తిరిగారు. జ్యోతిరాణి లేచి నిలబడింది.

"అవును. ఆమె వద్దన్నది. నేనే ఎక్కియ్యమన్న" అంది.

ఆ ఏడాది మొదటి బహుమతి పసుపుకొమ్ము ఆకారంలో చేసిన ఒక బల్ల దీపానికి వచ్చింది. దాన్ని జ్యోతిరాణి రెండుసార్లు విరిచి పంపింది. మూడోసారి ఆమెకు చూపించకుండానే పెట్టారు. దీక్షితకు పాస్ మార్కులు వేశారు. వాడేవారి భద్రత పట్టించుకోలేదని పక్కన రాశారు.

మరుసటి వారం రాజారాం జ్యోతిరాణిని పిలిచి, యాజమాన్యం ఆమెను వద్దనుకుంటోందని చెప్పాడు. "నువ్వు కాదంటే అయిపోతుండె గద. ఆ పిల్ల మాట ఎవడు నమ్ముతుండె?" అన్నాడు నిజంగానే ఆశ్చర్యపడుతూ. ఆమె బల్ల సొరుగులో ఉన్న కత్తెర, స్కేళ్లు తీసుకుని ఇంటికి వచ్చింది. వీడ్కోలు చెప్పడానికి పిల్లలెవరూ రాలేదు. మెట్ల దగ్గర నిలబడినవాళ్లు ఆమె వస్తుంటే దారిచ్చారు, అంతే.

జూన్‌లో, మొదటి వానలు పడ్డాక, ఆమె రెంజల్ బస్సు ఎక్కింది. క్షమించమని అడగాలని ఉంది, ఆ మాట నోటికి ఎలా తెచ్చుకోవాలో తెలియదు.

హన్మండ్లు ముందరి గదిలో మంచం మీద ఉన్నాడు. చిక్కి సగం అయ్యాడు. ఆమెను చూడగానే ముఖం విప్పారింది.

"రాండ్రి మేడం, రాండ్రి. ఏయ్, కుర్సీ ఎయ్యే" అని లోపలికి కేకేశాడు. తిరుపతమ్మ కుర్చీ తెచ్చి వేసి, గుమ్మంలో నిలబడింది. లోపలి గదిలో దీక్షిత ఉన్నట్టు గాజుల చప్పుడు వినబడింది. బయటికి రాలేదు.

ఆయన వానల గురించి, ఈ ఏడు చెరుకు తక్కువ వేశారని, నిజామాబాదులో ఎండ తగ్గిందా అని మాట్లాడాడు. పడిన సంగతి ఎత్తలేదు. కాసేపయ్యాక దుప్పటి సర్దుకుంటూ, సిగ్గుపడుతున్నట్టుగా నవ్వాడు.

"మా బిడ్డకు ఫస్టు వచ్చిందట గద మేడం. ఊళ్లె అందరికి చెప్పిన. హైదరాబాదోళ్లు చప్పట్లు కొట్టిండ్రట. నిజమేనా? మీ నోటికెళ్లి ఒక్కపారి ఇందామని."

లోపల గాజుల చప్పుడు ఆగిపోయింది. తిరుపతమ్మ జ్యోతిరాణి వైపు చూసింది. ఆ చూపులో మొట్టమొదటిసారి కోపం లేదు. బతిమాలుతోంది.

జ్యోతిరాణికి అంతా అర్థమైంది. ఒక్క మాట చాలు. తల ఊపినా చాలు. ఆమె నోరు తెరిచింది. రాని బహుమతి వచ్చిందని, బాగాలేనిది బాగుందని ఆమె ఎన్నడూ ఎవరితోనూ అనలేదు.

"పాస్ అయింది" అంది. "ఫస్టు రాలె."

హన్మండ్లు నవ్వు ముఖం మీద కాసేపు అలాగే ఉండిపోయింది, ఏం చేయాలో తెలియనట్టు. "రాలేదా?" అన్నాడు. తర్వాత మెల్లగా తల గోడ వైపు తిప్పుకున్నాడు. ఇప్పుడు మెడ తిరుగుతోంది. నాలుగు నెలలుగా మోపు ఎత్తలేదు కదా.

"పో" అంది తిరుపతమ్మ. "మా ఇంట్లకెళ్లి పో."

జ్యోతిరాణి బస్సు కోసం రోడ్డు పక్కన వానలో నిలబడింది. క్షమించమన్న మాట అననే లేదని బస్సు ఎక్కాక గుర్తొచ్చింది.

ఇప్పుడు ఆమె నిజామాబాదులో వంటింటి అల్మారాలు అమ్మే ఒక షాపులో బొమ్మలు గీస్తుంది. కొనేవాళ్లు అడిగిన రంగులు వేస్తుంది. ఎవరైనా గీత బాగుందంటే తల కూడా ఎత్తదు. దీక్షిత బోధన్‌లో ఒక ఫ్లెక్సీ ప్రింటింగు షాపులో చేరింది. పుట్టినరోజులకు, సంతాపాలకు బ్యానర్లు చేస్తుంది.

దసరాకు ముందు ఇద్దరూ నిజామాబాదు బస్టాండులో ఎదురుపడ్డారు. జ్యోతిరాణే ముందు పలకరించింది.

"బాపు ఎట్లున్నడు?"

"ఉన్నడు" అంది దీక్షిత. "నాతోని మాట్లాడ్తలేడు."

"అబద్ధం చెప్పినవనా?"

"గాదు మేడం. నా ఫస్టు కోసమే తన నడుము పోయిందనుకుంటుండె. గట్లనుకుని అన్నం తింటుండె. ఇప్పుడు గది గూడ లేదు గద." కోపంగా అనలేదు. జ్యూరీ ముందు నిలబడినప్పటి గొంతుతోనే, తడబడకుండా చెప్పింది. "మీకు తెలిసే చెప్పిండ్రు."

"తెలిసే" అంది జ్యోతిరాణి.

బోధన్ బస్సు వచ్చి ఆగింది. దీక్షిత జనంలో తోసుకుని ఎక్కి, అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుంది. జ్యోతిరాణి షాపుకు నడిచింది. ఆ సాయంత్రం వినాయక్‌నగర్ నుంచి వచ్చిన ఒక జంటకు ఎర్ర రంగు అల్మారా గీసి ఇచ్చింది. ఎరుపు ఆ గదికి నప్పదని ఆమెకు తెలుసు. ఆ మాట వాళ్లకు చెప్పింది. వాళ్లు లేచి పక్క షాపుకు వెళ్లిపోయారు.